బిగువు టైరు – చేతి ఒడుపు

మాదాపూరు రాతిగుట్టల నడుమ 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ భవనము తలయెత్తిన నాటినుండి పడమటి హైదరాబాదు దినదినప్రవర్ధమానమై, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట సీమలను తనలో కలుపుకొని, లక్షలాది ఉద్యోగులకు జీవనాధారమైన మహానగరభాగముగా రూపొందినది. పగలంతయు కార్లతోను, కంపెనీ బస్సులతోను, మోటారు సైకిళ్ళతోను కిక్కిరిసి, బయోడైవర్సిటీ కూడలినుండి విప్రో కూడలి వఱకు అడుగుతీసి అడుగు వేయనీయని యీ రహదారులే తెల్లవాఱుజామున ఐదు గంటలవేళ మఱియొక ముఖమును చూపును. ఆ వేళ సన్నని టైర్లుగల సైకిళ్ళపై, తలకు హెల్మెట్టు ధరించి, వెనుక ఎఱ్ఱని దీపము మినుకుమినుకుమనుచుండగా, యువతీయువకులును, నడివయస్కులును, పదవీవిరమణ చేసిన పెద్దలును జట్లుజట్లుగా బయలుదేఱి, కొందఱు గండిపేట వైపునకు, కొందఱు చేవెళ్ళ మార్గమున మఱ్ఱిచెట్ల నీడలకు, కొందఱు ఔటర్ రింగు రోడ్డు ప్రక్కనున్న సైకిలు బాటకు సాగిపోవుదురు.

వెనుకటి తరమువారికి సైకిలు క్రొత్తది కాదు. గంటకు ఇంతయని అద్దె చెల్లించి, సీటు అందక గొట్టము క్రిందినుండి కాలు దూర్చి తొక్కుచు, మోకాళ్ళు దోకుకొని సైకిలు నేర్చినవారు ఊరూర నున్నారు. అయితే నాటి నల్లని సైకిలు టైరు లావైనది, వదులైనది. అది పంచరైనచో వీథి మొగదలనున్న దుకాణమువాడు చక్రమును ఊడదీయకయే టైరును ఒకవైపు పెకలించి, ట్యూబును బయటికి లాగి, నీళ్ళతొట్టిలో ముంచి, బుడగలు లేచిన చోట గుఱుతు పెట్టి, గరుకుచేసి, సొల్యూషను పూసి, ప్యాచి అంటించి, ఇంచుమించు ఒక టీ త్రాగునంతలో సైకిలును చేతికిచ్చెడివాడు. నేటి రోడ్డు సైకిలు సంగతి వేఱు. దాని టైరు సన్నమైనది, బిగువైనది. దాని వాల్వు సన్నని గొట్టమువలె నుండి, మోటారు వాహనములకు గాలిపట్టు పంపుల మూతులకు సరిపడదు. ఐటీ కారిడారులోని పంచరు దుకాణములు సాధారణముగా మోటారు సైకిళ్ళకును కార్లకును ఉద్దేశింపబడినవి గనుక, అచ్చట ఈ చక్రమునకు తగిన ట్యూబు గాని, దానిని నొప్పింపక విప్పు పనిముట్టు గాని దొరకుట దుర్లభము.

అందుచేత ఈనాటి రోడ్డు సైకిలిస్టు తన చక్రమునకు తానే వైద్యుడు కావలసియున్నాడు. తెలియనివారిని ఈ పనిలో అన్నిటికంటె మిక్కిలి భయపెట్టునది బిగువైన టైరును రిమ్ముపైకి ఎక్కించుట. చుట్టంతయు సులువుగా కూర్చున్న టైరు, తుది జానెడు మాత్రము మొండికేసి, బొటనవ్రేళ్ళు కందిపోవునంతగా నొత్తినను లొంగకుండును. అప్పుడు బలముచేత గెలువవలెనని స్క్రూడ్రైవరును దూర్చినవాడు ట్యూబును చీల్చుకొనును. నిరాశచెందినవాడు సైకిలును ఆటోలో వేసికొని ఇల్లు చేరును. నిజమునకు ఆ టైరు బలమునకు లొంగునది కాదు. తన నిర్మాణరహస్యము నెఱిగిన ఒడుపునకు మాత్రమే లొంగును. ఆ రహస్యమును సామాన్యపాఠకునకు విప్పిచెప్పి, దానితో ముడివడిన నిత్యవ్యవహారములను వివరించుట ఈ వ్యాసోద్దేశము.

సౌరఫలకముల నీడలో

ఈ నగరమున సైకిలునకు లభించిన ఆదరణలో ముఖ్యముగా చెప్పదగినది ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన వెలసిన సైకిలు బాట. దక్షిణ కొరియాలో రాజమార్గము నడుమ సౌరఫలకముల పైకప్పుతో నిర్మించిన బాటను ఆదర్శముగా గైకొని హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ తలపెట్టిన ఈ బాటను 2023వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన నాటి మంత్రి కె. తారక రామారావు ప్రారంభించిరి. నానక్‌రామ్‌గూడనుండి పోలీసు అకాడమీ వఱకు 8.5 కిలోమీటర్లు, నార్సింగినుండి కొల్లూరు వఱకు 14.5 కిలోమీటర్లు, వెరసి 23 కిలోమీటర్ల నిడివి. వెడల్పు నాలుగున్నర మీటర్లు. అందు మూడు వరుసలు. పైకప్పుగా పఱచిన సౌరఫలకముల సామర్థ్యము 16 మెగావాట్లు. నీడయు విద్యుత్తును ఒక్క నిర్మాణముననే లభించుట, మండువేసవిని ఎఱిగిన తెలంగాణకు తగిన ఆలోచన.

ఈ బాటపై లారీల భయము లేదు. బస్సు వెనుకనుండి హారను మ్రోగించునను దిగులు లేదు. భార్యాభర్తలు పిల్లలతో గూడ వచ్చి నిశ్చింతగా తొక్కగలరు. కాని బాట యెంత చక్కనిదైనను ముల్లు ముల్లే. నార్సింగికిని కొల్లూరునకును నడుమ ట్యూబులో గాలి దిగిపోయినచో, ఇరుప్రక్కల మేడలు మిన్నుముట్టుచున్నను, ఆ సన్నని చక్రమును బాగుచేయువాడు చేరువలో నుండకపోవచ్చును. పైగా ఉద్యోగి ఇంటినుండి ఈ బాట వఱకును, బాటనుండి కార్యాలయము వఱకును పోవలసినది సాధారణ రహదారులమీదనే గదా! ప్రభుత్వము బాట నీయగలదు. ఆ బాటపై నడుచు చక్రము సంగతి తొక్కువాని చేతిలోనే యున్నది.

ఊడివచ్చు టైరు పుట్టిన కథ

గాలిటైరు చరిత్రయంతయు విప్పుట, తొడుగుట అను ఈ రెంటి చుట్టే తిరిగినదని చెప్పవచ్చును. 1888వ సంవత్సరమున బెల్ఫాస్టు నగరములో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టములను అమర్చి, రాతివీథులపై కుదుపును తగ్గించెను. అంతకు నలువదేండ్లకు పూర్వమే రాబర్టు విలియం థామ్సన్ అట్టి చక్రమునకు పేటెంటు పొందియున్నను, దానిని వాడుకలోనికి తెచ్చిన కీర్తి డన్లప్‌నకే దక్కినది. అయితే ఆ తొలి టైర్లు చక్రమునకు జిగురుతో అంటింపబడి యుండుటచే, పంచరును బాగుచేయుటకు గంటలకొలది కాలము పట్టెడిది. జిగురు ఆఱువఱకు వేచియుండవలసివచ్చెడిది.

ఈ యిబ్బందిని గమనించిన ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సోదరులు, జిగురునకు మాఱుగా మరలతో బిగించి, కావలసినపుడు ఊడదీయగల టైరును 1891లో సిద్ధపఱచిరి. ఆ యేడే తొలిసారిగా జరిగిన ప్యారిస్–బ్రెస్ట్–ప్యారిస్ పందెమున, 1200 కిలోమీటర్ల దూరమును ఈ టైర్లతో త్రొక్కి షార్ల్ తెరోఁ అను వీరుడు ప్రథముడుగా వచ్చుటతో, విప్పదగిన టైరునకు లోకమున ప్రతిష్ఠ లభించినది. కాని నేడు మనము వాడుచున్న పద్ధతికి మూలపురుషుడు వీరెవ్వరును కాదు. ఇంగ్లండు దేశీయుడగు చార్లెస్ వెల్చ్. టైరు రెండంచులలో సాగని ఉక్కుతీగను పొదిగి, రిమ్ము నడిభాగమును కొంత పల్లముగా చేయు విధానమునకు ఆయన 1890లో పేటెంటు పొందెను. సాగని తీగ, నడిమి పల్లము అను ఈ రెండంశములే మన ప్రశ్నకు సమాధానమును తమలో దాచుకొన్నవి.

బిగువునకు కారణము

నేటి రోడ్డు సైకిలు టైరు ప్రక్కన 28–622 అను అంకెలు ముద్రింపబడియుండును. మొదటిది గాలి నిండినప్పటి టైరు వెడల్పును, రెండవది టైరు అంచు రిమ్ముపై కూర్చుండు చోట వ్యాసమును మిల్లీమీటర్లలో తెలుపును. దుకాణములో 700 సి అని పిలుచునది ఈ 622 కొలత చక్రమే. టైరు కొనువాడు మొదట చూడవలసినది ఈ రెండవ అంకె. అది రిమ్ము అంకెతో కలియనిచో ఎంత నేర్పరియైనను చేయగలది లేదు.

ఇప్పుడు ఆ తీగవలయమును తలంపుడు. దాని వ్యాసము 622 మిల్లీమీటర్లు. అది దాటి లోనికి పోవలసిన రిమ్ము గట్టు, కూర్చుండు చోటునకు ఇంచుమించు 6 మిల్లీమీటర్ల యెత్తున నుండును. అనగా గట్టు వ్యాసము సుమారు 634 మిల్లీమీటర్లు. చిన్న వలయము పెద్ద వలయమును దాటవలెను. తీగ ఉక్కుదైనను, మడతపెట్టుటకు వీలగు అరామిడు నూలుదైనను, చేతిబలమునకు సాగునది కాదు. మఱి దాటుట యెట్లు?

పెండ్లిపందిరిలో గాజులు తొడుగు మలారమువాని పనితనమును చూచినవారికి దీని సమాధానము సులభముగా స్ఫురించును. గాజు సాగదు, చేయియే ఒదుగవలెను. అతడు గాజును బలముగా త్రోయక, చేతికి సబ్బునురుగు రాచి, బొటనవ్రేలిని అఱచేతిలోనికి మడిచి, వెడల్పైన చోటును ఇఱుకుచేసి, ఒక్క త్రిప్పుతో గాజును మణికట్టు చేర్చును. టైరు విషయమునను సాగని వలయమును సాగదీయు ప్రయత్నము వ్యర్థము. ఎదుటి ప్రక్కను దానికి చోటు కల్పించుటయే ఉపాయము. ఆ చోటు రిమ్ము నడుమనున్న పల్లము. తీగ తాను కూర్చుండవలసిన మెట్టుమీదనే నిలిచియున్నంతకాలము తుది జానెడు బిగిసియుండును. ఆ మెట్టునుండి జాఱి పల్లములోనికి దిగినచో, దిగిన మేరకు వదులు పుట్టును. పల్లము మెట్టునకు 4 మిల్లీమీటర్ల లోతున నున్నదనుకొనుడు. చుట్టంతయు తీగ ఆ పల్లమున పడినచో చుట్టుకొలతలో ఇంచుమించు 25 మిల్లీమీటర్ల వదులు లభించును. టైరు లొంగుటయు మొండికేయుటయు ఈ అంగుళముపైననే ఆధారపడియున్నవి.

కొన్ని చక్రములు తక్కినవానికంటె బిగువుగా నుండుటకును ఇదియే హేతువు. పల్లము లోతు తక్కువైనను, పల్లముపై పఱచిన రిమ్ము పట్టీ మందమైనను, లభించు వదులు తఱిగిపోవును. ట్యూబు లేకుండ వాడుటకు వీలుగా చేసిన నేటి రిమ్ములలో, గాలి బయటికి పోకుండ అంచు గట్టిగా కూర్చుండుటకై మెట్టును ఎత్తుగా తీర్చుటచే, టైరు మఱింత బిగువగును. ఇట్టి రిమ్ముపై మందమైన పట్టీకి బదులు పలుచని పట్టీని వేసికొన్నమాత్రముననే మొండిటైరు మెత్తబడుట కలదు. క్రొత్త టైరు కొంతకాలము వాడిన పిమ్మట కొంచెము సులువగుననుటయు అనుభవసిద్ధమే.

తొడుగు క్రమము

పనికి పూనుకొనుటకు ముందు టైరును వేసవి యెండలో కొంతసేపు పెట్టినచో రబ్బరు మెత్తనై చేతికి మాట వినును. మన నగరమున ఈ సౌకర్యము ఏడాదిలో అధికభాగము ఉచితముగా లభించును. ముందుగా టైరు ఒక అంచును రిమ్ములోనికి పూర్తిగా ఎక్కింపవలెను. ఇది సాధారణముగా కష్టము కాదు. పిదప ట్యూబునకు గుండ్రని ఆకారము వచ్చునంత మాత్రమే గాలి పట్టి, వాల్వును దాని రంధ్రములో దూర్చి, ట్యూబునంతయు మెలికలు లేకుండ టైరులోనికి సర్దవలెను. గాలి బొత్తిగా లేని ట్యూబు మడతపడి అంచు క్రింద చిక్కుకొనును. గాలి ఎక్కువైనచో పల్లమును తానే ఆక్రమించి తీగకు చోటు లేకుండ చేయును.

రెండవ అంచును ఎక్కించుటలోనే మెలకువ యున్నది. వాల్వునకు సరిగా ఎదుటి వైపున మొదలుపెట్టి, రెండుచేతులతో రెండుప్రక్కలను సమముగా ఎక్కించుచు, వాల్వు వద్ద ముగింపవలెను. వాల్వు మొదలు పల్లములో నిలిచి అడ్డుపడుటచే ఆ చోట తీగ పల్లములోనికి దిగజాలదు. అక్కడ మొదలుపెట్టినవాడు అవసరమైన వదులును చేజేతుల పోగొట్టుకొనును. అక్కడ ముగించినవాడు తక్కిన చుట్టునంతయు పల్లములోనికి దింపి లాభపడును.

జానెడు మిగిలి టైరు మొండికేసినపుడు ఆ చోటనే ఒత్తుచు కూర్చుండరాదు. ట్యూబులోని గాలిని కొంత వదలి, చక్రమును పొట్టకు ఆనించి పట్టుకొని, వాల్వునకు ఎదుటి వైపునుండి టైరు రెండు ప్రక్కలను వ్రేళ్ళతో నొక్కి దగ్గఱకు చేర్చుచు, అంచులను పల్లములోనికి దింపుచు, కలిగిన వదులును రెండుచేతులతో చుట్టూ రాచుచు వాల్వు వైపునకు తెచ్చుకొనవలెను. రెండుమూడు పర్యాయములు ఇట్లు చేసినచో జానెడు బెత్తెడగును. సాధించిన వదులు వెనుకకు పోకుండ ఇరుప్రక్కల పట్టీతోనో బట్టపేలికతోనో టైరును రిమ్మునకు కట్టవచ్చును. మిగిలినదానికి సబ్బునీరు రాచి, బొటనవ్రేళ్ళ కొనలతో గాక అఱచేతుల మొదళ్ళతో, ఒకచివరనుండి కొంచెము కొంచెముగా, టైరును పైకి దొర్లించుచు ఎక్కింపవలెను. అప్పటికిని లొంగనిచో ప్లాస్టిక్ లివరును వాడవచ్చును. కాని దాని కొన క్రింద ట్యూబు చిక్కకుండ చూచుకొనుచు, ఒక్కొక్కసారి ఒక్క అంగుళము మాత్రమే ఎత్తవలెను. ఇనుప పనిముట్టు మాత్రము పనికిరాదు.

అంచు లోనికి పడిన శబ్దము విని సంతోషముతో వెంటనే పంపు అందుకొనరాదు. మొదట వాల్వును లోపలికి ఒకసారి నెట్టి విడువవలెను. దాని మొదట చిక్కిన ట్యూబు అప్పుడు పైకి సర్దుకొనును. పిమ్మట చుట్టును టైరును ప్రక్కకు త్రోసి చూచుచు, ఎక్కడనైనను ట్యూబు తొంగిచూచుచున్నదేమో పరీక్షింపవలెను. అంచు క్రింద చిక్కిన ట్యూబు గాలి నిండినంతనే టైరును బయటికి నెట్టి తుపాకివలె ప్రేలును. సగము గాలి పట్టిన తరువాత, టైరు ప్రక్కన రిమ్మునకు చేరువగా చుట్టును పోతపోసియున్న సన్నని గీతను గమనింపవలెను. అది అంతటను రిమ్మునకు సమదూరమున నున్నచో టైరు సరిగా కూర్చున్నట్లు. ఒకచోట మునిగి, ఒకచోట తేలియున్నచో గాలి తీసి సర్దవలెను.

విప్పునప్పుడును సూత్రము ఇదియే. గాలినంతయు తీసివేసి, వాల్వునకు ఎదుటి వైపున అంచులను పల్లములోనికి దింపి, వాల్వునకు చేరువనున్న భాగమున లివరు పెట్టి ఎత్తినచో టైరు తనంతట తానే వచ్చినట్లు వచ్చును.

గాయమును చదువుట

పంచరైన ట్యూబును మార్చి వెంటనే సాగిపోవుట తొందరపాటు. పొడిచినది ఇంకను టైరులోనే యున్నచో క్రొత్త ట్యూబునకును అదే గతి పట్టును. ట్యూబును తీయునపుడు అది టైరులో నెట్లుండెనో ఆ వరుసను గుర్తుంచుకొన్నవాడు, ట్యూబుపై రంధ్రమునుబట్టి టైరుపై ముల్లున్న చోటును క్షణములో కనుగొనును. టైరు లోపలివైపును బట్టతో మెల్లగా తుడిచినచో నూలుపోగు ముల్లునకు తగుల్కొని దాని ఉనికిని చెప్పును.

మన ప్రాంతమున ఈ గాయములకు కారణములు కొన్ని ప్రసిద్ధములు. పొదలంచున, ఖాళీస్థలముల ప్రక్కన పల్లేరుకాయలును తుమ్మముళ్ళును మెండు. మేడలు కట్టు తావుల చెంత మేకులు, గ్రానైటు రాతి పదునైన పలుకులు దారిలోనికి కొట్టుకొనివచ్చును. లారీల ప్రాత టైర్లు చిట్లి రాల్చు సన్నని ఉక్కుతీగముక్క వెండ్రుకవలె నుండి కంటికి కనబడదు. ఒకే చక్రము మాటిమాటికి పంచరగుచున్నచో అనుమానింపవలసినది దీనినే. ట్యూబుపై ప్రక్కప్రక్కనే రెండు కాట్లు కనబడినచో అది ముల్లు పని కాదు. గాలి చాలని చక్రము గుంత అంచునకు గట్టిగా తగిలి, ట్యూబు రిమ్మునకును రాతికిని నడుమ నలిగినదని అర్థము. రంధ్రము ట్యూబు లోపలివైపున, అనగా రిమ్ము వైపున నున్నచో పట్టీ తొలగి చువ్వ రంధ్రము బయటపడినదని గ్రహింపవలెను. ఇట్లు గాయమును చదువ నేర్చినవానికి ఒక్కొక్క పంచరు మఱుసటి పంచరును నివారించు పాఠమగును.

గాలి కొలత, వాన, వేసవి

సన్నని టైరులో గాలి తక్కువగా నుండును గనుక అది త్వరగా దిగును. బ్యూటైలు ట్యూబు సైతము మెల్లమెల్లగా గాలిని కోల్పోవును. కావున కొలతగల పంపుతో కనీసము వారమున కొకసారి చూచుకొనుట మంచిది. టైరు ప్రక్కన ముద్రించిన పెద్ద అంకె గరిష్ఠపరిమితియే గాని ఆచరింపవలసిన కొలత కాదు. 28 మిల్లీమీటర్ల టైరునకు మధ్యస్థమైన బరువుగల మనుష్యుడు 70నుండి 80 పీఎస్ఐ వఱకు పట్టించినచో చాలును. అంతకు మించిన గట్టిచక్రము గతుకుల దారిపై ఎగిరిపడుచు, చేతులను అలయించి, పట్టును తగ్గించును. వెనుకచక్రముపై బరువు ఎక్కువగుటచే ముందుచక్రమునకు కొంత తక్కువ పట్టుట పద్ధతి. తెల్లవాఱి 25 డిగ్రీల చల్లదనమున 80 పీఎస్ఐ పట్టిన టైరు, ఎండలో 45 డిగ్రీలకు వేడెక్కినచో దాదాపు 86కు పెరుగును. అందుచే వేసవిలో పరిమితి అంచువఱకు నింపి, సైకిలును ఎండలో నిలుపుట క్షేమము కాదు.

జూనునుండి సెప్టెంబరు వఱకు వానలు కురియు నెలలలో నీటితో గాజుపెంకులు, ఇసుక కొట్టుకొనివచ్చి రహదారి ఎడమ అంచున చేరును. తడిసిన టైరునకు పెంకు సులభముగా దిగును. నీరు నిలిచిన చోట గుంత లోతు తెలియదు గనుక దానిమీదుగా పోరాదు. తడిసిన తెల్లగీతలు, ఇనుప మూతలు, ఫ్లైఓవరుల అతుకుపట్టీలు జాఱును. వానిపై బ్రేకు వేయక, చక్రమును త్రిప్పక, తిన్నగా దాటవలెను. ఇంటికి వచ్చిన పిదప చైనును పొడిబట్టతో తుడిచి, చమురు చుక్కలు వేసి, పైన మిగిలిన చమురును మఱల తుడిచివేయవలెను. బ్రేకు కట్టలలో నాటిన రాతిపలుకులను తీసివేయవలెను. ఈ పది నిమిషముల పరిచర్య చైను ఆయువును పెంచును.

రహదారి మర్యాద

ఎడమప్రక్క నడుచుట నియమమైనను, అంచునకు అంటుకొని పోవుట వివేకము కాదు. అక్కడనే మట్టియు గాజుపెంకులును, మురుగుకాలువ జాలీలును ఉండును. గుంత ఎదురైనపుడు తప్పుకొనుటకు చోటుండదు. అంచునకు ఇంచుమించు ఒక మీటరు ఎడముగా, తిన్ననైన గీతలో పోవువాడు వెనుకవారికి స్పష్టముగా కనబడును. ఆగియున్న కార్ల ప్రక్కన తలుపు హఠాత్తుగా తెఱచుకొనవచ్చును గనుక దూరముగా తొలగిపోవలెను. కార్యాలయముల ద్వారముల వద్దను, ఫ్లైఓవరు చీలికల వద్దను ఎడమకు మరలు వాహనము సైకిలిస్టును గమనింపక అడ్డుపడుట సాధారణము. అచ్చట వేగము తగ్గించి, చేయి చూపి, డ్రైవరు కంటబడి మఱి కదలవలెను. ఎదురుదారిలో వచ్చు మోటారు సైకిళ్ళపై ఒక కన్ను వేసియుంచుటయు ఈ కారిడారున తప్పనిసరి. కారు నడుపువారికిని ఒక విన్నపము: సైకిలును దాటునపుడు ఒక మీటరున్నర ఎడమిచ్చి దాటుడు; హారను ప్రక్కనే మ్రోగింపకుడు. మీ ముందున్న సైకిలిస్టు మరల కారెక్కినచో ఆ కూడలిలో మీకు ముందు మఱియొక కారు నిలుచును.

స్వావలంబనము

హైదరాబాదులో సైకిలు సంఘములు కొన్ని ఏండ్లనుండి ఈ వ్యాసంగమును పెంపొందించుచున్నవి. అందు హైదరాబాద్ రాండొన్యూర్స్ వంటివారు నిర్వహించు దూరయాత్రలు విశేషములు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటలలో, 300 ఇరువది గంటలలో, 400 ఇరువదియేడు గంటలలో, 600 నలువది గంటలలో పూర్తిచేయవలెను. ఇవి పందెములు కావు. ముందు వచ్చినవానికి బహుమానము లేదు. కాని అందొక నియమము కఠినమైనది. నియమిత కేంద్రములలో తప్ప దారిలో వెంటవచ్చు కారునుండి సాయము పొందరాదు. పంచరైనను, చైను తెగినను, వాన కురిసినను రౌతు తన చేతులతో తానే చక్కబఱచుకొనవలెను. ఆనాడు తెరోఁ గెలిచిన ప్యారిస్–బ్రెస్ట్–ప్యారిస్ నేటికిని నాలుగేండ్లకొకసారి ఇదే స్వావలంబననియమముతో, 90 గంటల గడువులో జరుగుచున్నది.

ఆ దూరములు అందఱికి అక్కఱలేదు. కొండాపూరునుండి రాయదుర్గమునకు పోవు ఉద్యోగికి కావలసినది ఆ నియమముయొక్క సారము మాత్రమే. సీటు క్రింది చిన్న సంచిలో ఒక ట్యూబు, రెండు లివర్లు, ప్యాచీల పెట్టె, గొట్టమునకు కట్టిన చిన్న పంపు ఉన్నచో చాలును. ఇవి వెంటనుండియు వాడుక తెలియనివాడు నిస్సహాయుడే. కాబట్టి క్రొత్త టైరు కొన్ననాడే, తీరిక సమయమున, ఇంటి వసారాలో కూర్చుండి దానిని ఒకసారి ఎక్కించి, దించి, మఱల ఎక్కింపుడు. ఇంట సబ్బునీటితో శాంతముగా ఎక్కింపలేని టైరు దారిప్రక్కన చీకటిలో ఎక్కదు; అట్టి రిమ్మునకు పలుచని పట్టీ వేయుడు, లేదా వేఱొక టైరు చూడుడు. ఇల్లాండ్రకును పిల్లలకును ఈ పని నేర్పుడు. ఇందు కావలసినది కండబలము కాదని ఇదివఱకే చెప్పితిమి. వ్యాయామశాలలకు ధనము వెచ్చించు కంపెనీలు తమ ఆవరణలలో నిలువు పంపు నొకదానిని, నీడగల సైకిలు నిలుపుచోటును, నెలకొకసారి ఈ విద్య నేర్పు ఏర్పాటును సమకూర్చినచో, ఆ ఖర్చునకు మించిన ఫలము చేకూరును.

నగరపాలకులు బాటలు వేయవలసినదే, వేసిన బాటలను ఊడ్పించి కాపాడవలసినదే. ఆ కోరికను పౌరులు ఎడతెగక వినిపింపవలసినదే. అయితే బాట వచ్చువఱకు ఆగనక్కఱలేని భాగమొకటి మన చేతిలోనున్నది. ఎదుటివైపు అంచులను పల్లములోనికి దింపుడు, వాల్వు వద్ద ముగింపుడు అను రెండు మాటలు వంటబట్టినవాడు సైకిలునకు భయపడడు. భయపడనివాడు వారమున కొకనాడు తొక్కుటతో తృప్తిపడక ప్రతిదినము పనికి సైకిలుపై పోవును. అట్టివారు కూడలి కూడలికి పదిమంది కనబడిన నాడు, సైకిలునకు చోటు కావలెనను మాటను ఏ అధికారియు కాదనజాలడు.